సిస్టరమ్మ కొండదారి

మా మనవరాలు కొత్త సైకిలు మీద వీధి మలుపు తిరిగేటప్పుడు తొక్కడం ఆపేస్తుంది. అప్పుడు వెనక చక్రం నుంచి టికటికటికమని ఒక శబ్దం వస్తుంది. నేను చేటలో బియ్యం ఏరుకుంటున్నా సరే, ఆ శబ్దం వినగానే చెయ్యి ఆగిపోతుంది. పడమటి కొండల మీద, తొక్కాల్సిన పని లేని దిగుడులో, నా ముందు వెళ్లే కమలమ్మ సిస్టరు సైకిలు ఇలాగే మోగేది. చుట్టుపక్కల ఇంకే శబ్దమూ ఉండేది కాదు. లారీ లేదు, బస్సు లేదు. గాలి, ఆ టికటిక, అంతే.

కమలమ్మ సిస్టరు మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రానికి నర్సుగా వచ్చింది. మాది కన్నడ రాష్ట్రంలో, పావగడ తాలూకాలో నాగలమడిక వైపు ఒక తెలుగు పల్లె. ఆమెది దూరంగా, వానలు పడే సీమ. కన్నడం ఆమె ఇంటి భాష. మా తెలుగు ఇక్కడికి వచ్చాక మా నోళ్ల నుంచే నేర్చుకుంది. నేను ఆ కేంద్రంలో ఆయాను. వరసగా వానలు లేని సంవత్సరాలవి. వేసిన వేరుశనగ వేసినట్టే మాడిపోతే, మా ఆయన బెంగళూరుకు రాళ్ల పనికి వెళ్లాడు. నాకు ఊడవడం, నీళ్లు మోయడం, సూదులు ఉడకబెట్టడం వచ్చు. ముప్పై ఆరేళ్లు వచ్చినా ఒక్క అక్షరం రాదు. జీతం కాగితం మీద వేలిముద్ర వేసేదాన్ని.

కొండ వెనక నాలుగు హట్లు ఉండేవి. గొర్రెలు మేపుకునేవాళ్ల చిన్న పల్లెలను మేము హట్టి అంటాం. వాటికి పోవడానికి పాత బండిదారి ఒకటి ఉంది. కింద తారురోడ్డు పడ్డాక దాన్ని అందరూ మర్చిపోయారు. సిస్టరమ్మ మర్చిపోలేదు. నెలకొకసారి మంచుగడ్డలు వేసిన మందుపెట్టె సైకిలుకు కట్టుకుని ఆ దారినే వెళ్లి, పసిపిల్లలకు చుక్కలు వేసి, కడుపుతో ఉన్నవాళ్లను చూసి వచ్చేది. అంతవరకూ అయితే ఉద్యోగం అనుకోవచ్చు. ఆమె ఆదివారాలు కూడా పోయేది. సీతాఫలాల కాలమైతే సంచీ నిండా తెచ్చేది, కాకపోతే ఉత్త చేతులతో వచ్చేది. మా పక్కింటి ఓబులక్కకు అది అసలు మింగుడుపడేది కాదు.

"ఏం సిస్టరమ్మా, కొండమింద ఎవురికన్నా నెప్పులొచ్చినాయా?" అని అడిగింది ఒక ఆదివారం.

"ఎవరికీ లేదక్కా. ఊరికే పోయినాను."

"ఊరికేనా! ఎనుము తప్పిపోతే తప్ప మేం ఆడికి పోం. నీకు కొండ పూనుండాది తల్లీ. ఏపాకు తేవల్లనా?"

సిస్టరమ్మ పగలబడి నవ్వింది. "తే అక్కా, నువ్వూ రా. నీకూ పూనుతాది" అంది. ఓబులక్క పోలేదు. నేను పోయాను.

నాకు సైకిలు నేర్పింది ఊరి కల్లంలో. ఆ ఏడు అక్కడ ఆరబోయడానికి కాయలే లేవు కాబట్టి మాకు అడ్డు చెప్పేవాళ్లు లేకపోయారు. మా ఆయన వదిలిపోయిన పాత మగసైకిలు, మధ్యలో కడ్డీ. చీరను గోచీ పోసి కట్టుకున్నాను. పడ్డాను, మోచేతులు చెక్కుకుపోయాయి. కొండదారి మొదలయ్యాక ఆమె చెప్పిన మొదటి మాట, "ఎక్కుడు వస్తే దిగి నడువు హనుమక్కా. తోసుకుంటా పోదాం. మనల్ని తరిమేవాళ్లు ఎవరూ లేరు ఈడ." తారురోడ్డు మీద లారీ హారనుకు అదిరి గుంతలో పడిన మనిషిని నేను. ఆ దారిలో మొదటిసారి చుట్టూ చూస్తూ ముందుకు పోవడం తెలిసింది. గొర్రెలమంద ఎదురైతే ఆమె దిగి, పల్లం వైపు నిలబడేది. మంద బెదిరి పరుగెత్తితే పల్లంలోకే పడుతుంది కాబట్టి. ఇది ఆమెకు కాపరులు చెప్పింది, నాకు ఆమె చెప్పింది.

అక్షరాలు కూడా ఆ దారిలోనే. దమ్ము తీసుకోవడానికి ఆగిన ప్రతిచోటా సుద్దముక్కతో బండ మీద ఒక అక్షరం రాసేది. వానలు లేవు కదా, అవి చెరిగేవి కావు. మరుసటి నెల పోతే అక్కడే ఉండేవి. అవి కన్నడ అక్షరాలు. రిజిస్టరులో రాయాల్సింది ఆ భాషే. తెలుగు అక్షరాలు వాటికి అక్కచెల్లెళ్లలాంటివి కాబట్టి తరువాత నాకు నేనే పట్టుకున్నాను. ఏడాది తిరిగేసరికి తప్పులతోనైనా ఒక వాక్యం రాయగలిగేదాన్ని. అయితే ఎవరి ముందూ రాసేదాన్ని కాదు.

నేను ఆ దారి పట్టిన రెండో వేసవికి సిస్టరమ్మ కుడి మోకాలు వాచింది. నెలకోసారి జీపులో వచ్చే డాక్టరు దాన్ని చూసి, కొండ తిరుగుడు ఆపెయ్యమన్నాడు. హట్టివాళ్లే కిందికి దిగి వస్తారులే అన్నాడు. చంకలో బిడ్డతో, ఎండలో, కూలి పోగొట్టుకుని వాళ్లు దిగి రారని మా ఇద్దరికీ తెలుసు. సిస్టరమ్మ బతిమాలితే ఒక్క మాట చెప్పాడు. "వచ్చే నెల నాలుగు హట్లూ ఒక్కదినంలో ముగించు, చూస్తాను. ఒక్కటి తప్పినా ఆ దారి బంద్."

ఆ రోజు నేను పొద్దున్నే లేచి రెండు సైకిళ్లకూ గాలి కొట్టాను. నా సైకిలుకు మరీ గట్టిగా కొట్టాను, వేగంగా పోవాలని. రెండు హట్లు బాగా జరిగాయి. మూడో హట్టిలో సిస్టరమ్మ ఒక గుడిసెలో నిండు చూలాలిని చూస్తోంది. నేను తల్లులను పిలవడానికి తిరుగుతూ సైకిలును బండకు ఆనించి వదిలేశాను. నిండా గాలి ఉన్న చక్రాన్ని ఎండలో పెట్టవద్దని ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో. కాసేపటికి ఢామ్మని పేలింది. కోళ్లు ఎగిరాయి, పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. సిస్టరమ్మ బయటికి వచ్చేసరికి హట్టి అంతా చీలిపోయిన టైరు చుట్టూ నిలబడి ఉంది.

నా నోట్లోంచి వచ్చింది అబద్ధం. "ముల్లు గుచ్చుకున్యాది సిస్టరమ్మా."

తెల్లజుట్టు ముసలామె ఒకామె నోరు నొక్కుకుంది. "ముల్లంట! తుపాకి పేల్చినట్ల ఇనపడె గదమ్మే!"

అందరూ నవ్వారు. సిస్టరమ్మ టైరు వైపు చూసింది, బండ వైపు చూసింది, నా ముఖం వైపు మాత్రం చూడలేదు. "ముల్లే అయ్యుంటాది. ఈ దారిలో తుమ్మముళ్లు జాస్తి" అంది. తరువాత ట్యూబు ఊడదీసి, టైరు చీలికను గుడ్డపేలికతో బిగించి కట్టి, లోపల కూరడానికి ఏమైనా ఉందా అని అడిగింది. ఆ హట్టిలో ఉన్నదల్లా వేరుశనగ కట్టె. కాయలు ఒలుచుకున్నాక మిగిలే ఎండు తీగ అది. కరువులో పశువులకు అదే అన్నం, పక్కింటివాళ్లు అడిగినా ఇవ్వరు. నన్ను ఎగతాళి చేసిన ఆ ముసలామే వామి నుంచి ఒక మోపు పీకి తెచ్చింది. "మా ఎద్దు ఒక పూట పస్తుంటే సచ్చిపోదులే. మాలాంటోళ్లను సూడను కొండెక్కి వస్తాండారు మీరు" అంది. తీగను తాడులా పేని టైరు లోపల కూరాం.

ఆ చక్రం గతుకులు పడుతూ తిరిగేది. దాన్ని నేను అదుపు చెయ్యలేనని సిస్టరమ్మ తన మంచి సైకిలు నాకిచ్చి, నా సైకిలు తాను ఎక్కింది. ఒక్కో తొక్కుకూ ఆమె పెదవి బిగించడం నాకు పక్క నుంచి కనబడుతూనే ఉంది. "మార్చుకుందాం సిస్టరమ్మా" అన్నాను. "పరవాగిల్ల, పద" అంది, పరవాలేదని తన భాషలో. అప్పుడు చెప్పి ఉండవచ్చు నిజం. చెప్పలేదు. నాలుగో హట్టి చేరేసరికి పొద్దు వాలింది, పెట్టెలో మంచు కరిగి నీళ్లయింది. వేడెక్కిన మందు వెయ్యకూడదు. తల్లులను వెనక్కి పంపేశాం.

మరునాడు డాక్టరు వచ్చి రిజిస్టరు తెరిచాడు. నాలుగో హట్టి దగ్గర ఖాళీ చూశాడు. "చక్రం చెడింది సార్" అంది సిస్టరమ్మ. ఆయన ఆమె కుంటి నడకను అప్పటికే చూశాడు. "చక్రమో మోకాలో నాకు తెలియదా? నేను ముందే చెప్పినాను గదమ్మా. ఇంక చాలు" అని పెన్ను తీశాడు. ముందురోజు నా కోసం అన్న 'ముల్లు' మాటను కూడా సిస్టరమ్మ అక్కడ ఎత్తలేదు, చక్రం ఎవరిదో చెప్పలేదు. నన్ను ఇరికించకుండా తన దారిని వదులుకోవడానికి సిద్ధపడిందని నాకు అర్థమైంది.

"సార్, ఆడ కారణం అని గడి ఉండాది గదా. నేను రాస్తాను" అన్నాను.

నేను రాసేసరికి జీపు డ్రైవరు టీ తాగి గ్లాసు కడుక్కొని వచ్చాడు. నేను రాసింది ఇది: "సైకిలు ఎండలో పెట్టింది నేను. టైరు పేలింది. ముల్లు కాదు. తప్పు నాది. హనుమక్క." నా బతుకులో ఇంకొకరు చదవడానికి నేను రాసిన మొదటి మాటలు అవే.

డాక్టరు రెండుసార్లు చదివాడు. "దీనికి నిన్ను పనిలోంచి తీసెయ్యచ్చు, తెలుసా?"

"తెలుసు సార్."

"మరి ఎందుకు రాసినావు?"

"తప్పు పోయి మోకాలిమింద పడతాండాది సార్."

ఆయన నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. తరువాత జీపులోని మంచు పెట్టెలో వేయించి, రేపే ఆ హట్టి ముగించి రమ్మన్నాడు. కొండదారి బంద్ కాలేదు. కానీ ఇకమీదట ఎక్కుడంతా సిస్టరమ్మ సైకిలు కూడా నేనే తొయ్యాలని గట్టిగా చెప్పాడు.

మరునాడు ఎక్కుడులో కట్టె కూరిన నా సైకిలునూ ఆమె సైకిలునూ ఒకదాని తరువాత ఒకటి తోసుకుంటూ పోతున్నప్పుడు అడిగాను, "మీకు ఆ హట్టిలోనే తెలిసిపోయిందా సిస్టరమ్మా?"

"ముల్లు గుచ్చుకుంటే సుయ్యిమంటాది హనుమక్కా. ఢామ్మనదు."

"మరి అంతమందిలో ముల్లే అన్నారు?"

"అంతమందిలో గనకే."

ఆమె ఇంకో నాలుగేళ్లు మా దగ్గర ఉంది. తరువాత బదిలీ మీద తన సీమకు వెళ్లిపోయింది. నేను మరో ముగ్గురు నర్సులను ఆ దారి వెంట తీసుకెళ్లాను, వాళ్లలో ఇద్దరికి సైకిలు నేనే నేర్పాను. ఇప్పుడు ఇంట్లోగాని, నేను తరువాత పనిచేసిన అంగన్‌వాడీలోగాని, ఎవరైనా ఏదైనా పాడుచేసి వచ్చి ఇంకేదో కారణం చెబితే, నలుగురి ముందు ఔనంటాను. పక్కకు పిలిచి కూడా అడగను. ఎదురుచూస్తాను. కొందరు రెండు రోజులకు వచ్చి చెబుతారు. కొందరు ఎప్పటికీ చెప్పరు. నాకంటే ముందు అలా నిజం చెప్పకుండానే ఉండిపోయినవాళ్ల తప్పులను కూడా సిస్టరమ్మ ఎంత దూరం మోసుకుంటూ తొక్కిందో నాకు తెలియదు.