కండక్టరమ్మ కుడికాలు

మానవజాతి చరిత్రలో పాదాలకు దక్కిన గౌరవం తక్కువేమీ కాదు. విజేతల పాదాలు సింహాసనాలెక్కాయి. ఓడినవాళ్ళ పాదాలు ఏ దారిన పారిపోయాయో కూడా తేదీలతో సహా రాసిపెట్టారు. అయితే పద్నాలుగో నంబరు బస్సులో పదిహేడేళ్ళపాటు, రోజుకు సుమారు నాలుగు వందలసార్లు, ఎవరూ అడక్కుండానే నేలను తొక్కిన ఒక కండక్టరమ్మ కుడికాలి గురించి ఏ శాసనంలోనూ ఒక్క ముక్క లేదు. ఈ లోటు పూడ్చక తప్పదు.

బస్సుకు ఎదురుగా ఏ స్కూటరో, ఏ మేకో, ఏ పరధ్యానపు పెద్దమనిషో అడ్డొచ్చినప్పుడు, డ్రైవరు సీటు వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డ కండక్టరమ్మ కుడికాలు దానంతటది లేచి రేకు నేల మీద దబ్బున పడేది. అక్కడ బ్రేకు లేదు. లేదని ఆమెకు తెలుసు. కాలికి తెలియదు. దాంతో కుడిచెప్పు రెండు నెలలకే అరిగిపోయేది. "ఎడమ చెప్పు పెళ్ళికూతురిలా ఉందమ్మా, మీరు ఒంటికాలి మీద నడుస్తారా?" అని చెప్పులు కుట్టే ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

అసలు సంగతి ఏమిటంటే, ఆమెకు ఆ డ్రైవరు సీటు కావాలి. కండక్టర్లు శిక్షణ తీసుకుని, పరీక్ష నెగ్గి డ్రైవర్లు కావచ్చని డిపోవాళ్ళు ఏటా ఒక నోటీసు అంటించేవారు. ఆమె ఆరేళ్ళ కిందటే దరఖాస్తు ఫారం తెచ్చుకుని, నాలుగు మడతలు పెట్టి టిక్కెట్ల సంచి అడుగున దాచింది. మొదటి ఏడు అత్తగారి మోకాళ్ళు అడ్డొచ్చాయి. రెండో ఏడు వానలు. మూడో ఏడు ఏ కారణమూ దొరక్క కొంత అవస్థపడి, 'వచ్చే ఏడు చూద్దాం' అనుకోవడం కూడా ఒక కారణమేనని తీర్మానించుకుంది. ఆ కారణం తర్వాతి ఏళ్ళకూ పనికొచ్చింది.

ఇప్పుడిక ఆ సౌకర్యం లేదు. పరీక్షకు వయసు హద్దు నలభై అయిదు. ఈ ఏడు గడువు ముగిసే నాటికి ఆమెకు నలభై నాలుగేళ్ళ పదకొండు నెలలు. మళ్ళీ ఏడు నోటీసు వస్తుంది గాని అది ఆమె కోసం రాదు.

భయమేమిటని అడిగితే ఆమె చెప్పేది కాదు గాని, మనం చెప్పుకోవచ్చు. ఇన్నేళ్ళూ వెనక నిలబడి 'అబ్బే, ఇక్కడ కాదు తిప్పాల్సింది' అని మనసులోనే తప్పులు పట్టిన మనిషి ఆమె. తానే ఆ సీట్లో కూర్చుంటే, తన తప్పులు పట్టడానికి వెనక అరవైమంది ఉంటారు. వాళ్ళు మనసులోనే పట్టి ఊరుకుంటారన్న భరోసా ఏమీ లేదు.

ఆ బస్సు డ్రైవరును డిపో అంతా 'నిమ్మళం' అని పిలిచేది. ఇంజను పొగలు కక్కుతున్నా, వెనక వందమంది హారన్లు కొడుతున్నా ఆయన మొహంలో ఒక్క ముడత కదిలేది కాదు. ఆమెకు ఆయన 'అన్న', ఆయనకు ఆమె 'చెల్లెమ్మ'. వాళ్ళిద్దరి మధ్యా ఎన్నడూ మాట తేడా రాలేదు, ముఖ్యంగా మాటలే తక్కువ కాబట్టి.

ఆ నెలలో అత్తగారి కంటిపొర తీయించడానికి కండక్టరమ్మ నాలుగు రోజులు సెలవు పెట్టింది. రెండో రోజు మధ్యాహ్నం, పట్టపగలు, పద్నాలుగో నంబరు బస్సు మార్కెట్ స్టాపులోకి నిదానంగా వచ్చి, అంతే నిదానంగా షెల్టరు స్తంభాన్ని ఒరుసుకుని ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. స్తంభం మాత్రం వంగింది, అదీ మర్యాదగా.

అయిదో రోజు పొద్దున డిపో టీకొట్టు దగ్గర ఆమె అడిగింది.

"ఏంటన్నా, ఏం జరిగింది?"

"స్తంభం అడ్డొచ్చింది చెల్లెమ్మా."

"స్తంభం అడ్డు రావడమేంటి? ఇరవై ఏళ్ళ నుంచి అక్కడే ఉంది కదా!"

"ఉందనుకో. ఎప్పుడూ ఆ స్తంభం కాడికి రాగానే నీ కాలు దబ్‌మనేది, నేను బ్రేకు వేసేవాణ్ణి. ఆ రోజు దబ్ అనలేదు." ఆయన టీ ఊదుకున్నాడు. "నేను అదే ఎదురుచూస్తా ఉన్నా."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. ఆయన జోకులేసే మనిషి కాదు.

"ఎన్నాళ్ళ నుంచన్నా, ఇలా?"

"మరీ మొదట్నుంచీ కాదులే. ఓ తొమ్మిదేళ్ళు."

"తొమ్మిదేళ్ళా! అంటే ఇన్నాళ్ళూ బస్సు నడిపింది నేనా?"

"అదేం మాట?" అన్నాడు నిమ్మళం, కాస్త నొచ్చుకుని. "స్టీరింగు నాదే. బ్రేకు ఒక్కటే నీది."

ఇదే ముక్క ఆయన పై అధికారికీ అంతే నిజాయితీగా చెప్పాడు. ఆ వారమే ఆయన్ను డిపో గేటు దగ్గర, వచ్చీపోయే బస్సుల వేళలు రాసే కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆయన కుర్చీ ఎక్కిన రోజు రాత్రి, భోజనాల దగ్గర కండక్టరమ్మ డ్రైవరు పరీక్ష సంగతి ఎత్తింది. ఆమె భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ప్రతి విషయంలోనూ ప్రమాదాన్ని నాలుగింతలు పెద్దది చేసి చూడగలడు.

"బస్సంటే మాటలా? దాని టైరు నీ నడుమెత్తు ఉంటుంది. ఏదన్నా జరిగితే?"

"నువ్వూరుకోరా," అంది అత్తగారు, పొర తీయించుకున్న కంటితో కొడుకును తేరిపార చూస్తూ. "సైకిలెక్కమంటే ఏడ్చి కరెంటు స్తంభాన్ని కౌగిలించుకున్నావు. నువ్వా చెప్పేది?"

"అప్పుడు నాకు తొమ్మిదేళ్ళమ్మా!"

"పందొమ్మిది."

భర్త మజ్జిగలోకి చూపు దించుకున్నాడు. కండక్టరమ్మ మెల్లగా అంది, "ఫెయిలైతే నలుగురూ నవ్వుతారేమో అత్తయ్యా."

"ఫెయిలైతే కండక్టరుగా ఉంటావు. ఇప్పుడేమన్నా విమానం నడుపుతున్నావా? ఇంట్లో ఒక్కరికైనా బండి రావాలి కదే. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి తిప్పేదెవరు, వీడా?"

మర్నాడు గడువు ఆఖరు రోజు. ఆరేళ్ళు సంచిలో నలిగిన ఫారం మడతల దగ్గర నాలుగు ముక్కలై వచ్చింది. డిపో గుమాస్తా వాటిని పక్కపక్కన పేర్చి, సానుభూతిగా చూసి, కొత్త ఫారం ఇచ్చాడు. ఆమె అక్కడే నిలబడి నింపింది.

ఆరు వారాల శిక్షణలో మొదటి రోజు బస్సు కప్పలా గెంతింది. మూడో వారానికి బస్సులా నడిచింది. బ్రేకు విషయంలో ఆమెకు నేర్పాల్సింది ఏమీ లేదని శిక్షకుడు రాసిచ్చాడు. చిక్కల్లా రివర్సుతో. పదిహేడేళ్ళుగా బస్సు వెనక్కి వెళ్ళేటప్పుడల్లా కిందికి దిగి, వెనక నిలబడి, రేకు మీద చరుస్తూ "రానీ... రానీ..." అని అరిచింది ఆమే. ఇప్పుడు లోపల కూర్చుంటే బయట అరిచేదెవరు?

పరీక్ష రోజు డిపో మైదానంలో తాడు కట్టారు. తాడు అవతల గేటు కుర్చీ వదిలేసి వచ్చిన నిమ్మళం నిలబడి, ఆమె మలుపు తిరిగిన ప్రతిసారీ మట్టిలో కుడికాలు దబ్బున కొట్టాడు. ముందుకు నడపడమంతా నల్లేరు మీద బండి నడకే అయింది. చివర్న రెండు డ్రమ్ముల మధ్యకు రివర్సులో తీసుకెళ్ళి నిలపాలి. ఆమె గేరు వేసి కూర్చుంది. బస్సు కదల్లేదు.

పక్క సీట్లో ఉన్న ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. "ఎవరికోసం చూస్తున్నారమ్మా?"

"కండక్టరు కోసం సార్," అన్న మాట నోరు జారింది.

"ఇవాళ కండక్టరు లేరు."

లేరు. ఆ మాట ఆమె లోపల ఎక్కడో తగిలింది. పదిహేడేళ్ళ కండక్టరు లేకపోవడమేమిటి? ఇక్కడే ఉందిగా! ఆమె అద్దంలోకి చూపు నిలిపి, గొంతెత్తి, డ్యూటీలో అరిచినట్టే అరిచింది. "రానీ... రానీ... ఎడమకి, ఎడమకి... రానీ..."

బస్సు కదిలింది. మైదానం అవతలి వరసలో నిలిపి ఉన్న ఏడో నంబరు బస్సు కూడా కదిలింది. దాని డ్రైవరు, పాపం, ఆ కేక వినగానే పరధ్యానంగా గేరు వేశాడు. రెండు బస్సులూ రెండు వైపులా వెనక్కి సాగాయి. "రానీ... రానీ... హోల్డాన్!" అన్న కేకకు రెండూ ఒక్కసారే ఆగాయి.

ఇన్‌స్పెక్టరు దిగి, వంగి, డ్రమ్ముకూ బస్సుకూ మధ్య చేత్తో కొలిచాడు. జానెడు. ఏడో నంబరు దగ్గరకూ నడిచి వెళ్ళి, దాని వెనక గోడకు కొలిచాడు. జానెడే. తిరిగొచ్చి అట్ట మీద కాగితంలో ఏదో రాశాడు.

"పాసయ్యారు. రెండోది లెక్కలోకి రాదు, ఫారంలో దానికి గడి లేదు," అన్నాడు.

నియామకపు ఉత్తర్వు పది రోజులకు వచ్చింది. అత్తగారు పెట్టెలోంచి పట్టుచీర తీసి ఎండలో వేసింది. భర్త కాగితాన్ని వెలుతురుకు పట్టి, దుకాణపు అద్దంతో ముద్ర అసలుదేనని తేల్చుకుని, గొంతు సవరించుకుని పైకి చదివాడు. "డ్రైవరుగా నియమించడమైనది." కండక్టరమ్మ దాన్ని ఇంకో రెండుసార్లు చదివించుకుంది. మూడోసారి ఆయన కింద పంక్తి కూడా చదివాడు.

డ్యూటీ డిపో ఆవరణలో. కడిగే షెడ్డులోంచి బస్సులను వరసల్లోకి చేర్చాలి. ప్రయాణికులుండరు. షెడ్డు నుంచి వరసకు ముప్పై మీటర్లు.

మొదటి రోజు ఆమె ముప్పై ఒక్క బస్సులు నడిపింది. అన్నీ కలిపి, కిలోమీటరుకు డెబ్భై మీటర్లు తక్కువ.