వెనక నుంచి వచ్చిన కరెంటు

మాడుగుల రోడ్డు పక్క మా ఊళ్లో పొలాల ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే లైన్‌మన్ కోసం ఎవరూ చూడరు. అన్ని ఊళ్లకూ ఒక్కడు, ఎప్పుడొస్తాడు? త్రినాధరావు మావయ్యని పిలిచేవారు. ఇరవై ఏళ్లుగా ఆయనే స్విచ్ దింపి, పైకెక్కి, ఫ్యూజు తీగ చుట్టి దిగేవాడు. ఊరు ఇచ్చింది కప్పు టీ.

ఈ ఏడు బెల్లం సీజన్లో అలాగే ఎక్కాడు. స్విచ్ దింపే ఎక్కాడు. అయినా కరెంటు కుడిచేతిలోంచి వెళ్లి ఎడమ మడమలోంచి బయటికొచ్చింది. పైకి కనిపించిన గాయాలు రెండూ రూపాయి బిళ్లంత. ఇంతేనా అనుకున్నాం. లోపల కండంతా ఉడికిపోయిందని విశాఖ ఆసుపత్రిలో నాలుగో రోజు చెయ్యి మణికట్టు దాకా తీసేశారు.

ఇంటికొచ్చాక ఆయనది ఒకటే ప్రశ్న.

"స్విచ్ నేనే దింపేనురా. మరి కరెంటు ఎక్కణ్ణుంచొచ్చింది?"

అప్పలనర్సమ్మ అత్త అన్నం ముద్ద నోట్లో పెడుతూ విసుక్కుంది. "తెలిత్తే ఏటి? సెయ్యి తిరిగొత్తాదా?"

"తెలిత్తే ఎడం సేత్తో ఎక్కుతాను."

ఆ మాటకే భయపడి నేను వెతికాను. జవాబు మా ఊరి బంగారయ్య చెరుకు గానుగ దగ్గర దొరికింది. బెల్లం కాచే పెనం సగం నిండాక గానుగ ఆగితే రసం మాడుతుంది. అందుకని కరెంటు పోగానే జనరేటర్ వైరు తెచ్చి మీటరు బోర్డులో గుచ్చుతారు. మెయిన్ స్విచ్ ఆపరు. ఆ రోజూ అంతే. ఆ కరెంటు తీగల వెంట వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌కి పోయి వేల ఓల్టులైంది. లైనూ జనరేటరూ ఒకేసారి కలవనివ్వని చేంజోవర్ స్విచ్ ఒకటి పెట్టుంటే ఆగేది. అది పెట్టకుండా మొదట్లో ఆ జనరేటర్ వైరు కలిపిచ్చింది త్రినాధరావు మావయ్యే.

మావయ్యకి చెప్పాను. మొండిచేతిని చూసుకున్నాడు.

"అయితే నన్ను కొట్టింది బంగారయ్యా, నేనా?"

కలిపినవాడా, గుచ్చినవాడా, ఇంకో లైన్‌మన్‌ని వేయనివాళ్లా? నేను చదివిన పాత ఐటీఐ పుస్తకంలో దానికి బొమ్మ లేదు.

నిన్న మళ్లీ ఫ్యూజు పోయింది. ఈసారి ఎక్కింది బంగారయ్య మేనల్లుడు తారక్. మావయ్య కుంటుకుంటూ గానుగ దగ్గరికెళ్లి, జనరేటర్ వైరు పీకి ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు.

"బావా, రసం మాడిపోతంది. ఇటియ్యి," అన్నాడు బంగారయ్య.

"తారక్ దిగనీ."

"నువ్వు కలిపిందే కదేటి?"

"అదే నాకూ అర్థం కాటంలేదు. కూకో."

మాడు వాసన వచ్చింది. తారక్ దిగి చేతులు దులుపుకున్నాడు. మావయ్య ఆ రెండు చేతుల్నీ చూశాడు. వైరు మాత్రం ఇవ్వలేదు.