ఎదురు సాలు

ఆ పీట ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి, నా గొంతు దూరం పోదు. మీరెవరూ చూడని ఒక మనిషి గురించి చెబుతాను. కాఫీ చల్లారేలోపు అయిపోయే కథ కాదు గనుక ముందు కాఫీ తాగేయండి.

ఇవాళ పొద్దున నడకకని గడప దిగబోతూ తుమ్మాను. ఒంటి తుమ్ము. చెరువు పక్క కల్లాల్లో మిరపకాయలు ఆరబోశారు. గాలి ఇటు తిరిగిందంటే ఊరు ఊరంతా ముక్కు నలుపుకుంటూ కూర్చోవాల్సిందే. ఒంటి తుమ్ము తుమ్మితే ఆగి, కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి బయలుదేరాలని మా అత్తగారు నేర్పింది. నేను ఆగలేదు. “మిరప కల్లాల ఊళ్ళో తుమ్ముకి ఆగితే పెళ్ళికొడుకు కూడా ముహూర్తానికి అందడే” అన్న మాట చెవిలో పడ్డట్టయింది. అది నాగూరమ్మక్క మాట.

నాగూరమ్మక్కది మా వెనకిల్లు. వాళ్ళ పెద్దలు దూదేకి పరుపులు కుట్టేవాళ్ళు. ఆ పని తగ్గిపోయాక ఈమె మిరపకోతలకు ఆడవాళ్ళని కూడగట్టి ముఠాకి మేస్త్రీ అయింది. పొడుగు మనిషి, నోరు పెద్దది. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు కాయ కోయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మొక్కల వరసని మేము సాలంటాం. మనిషికో సాలు పడతాం. మొదటిరోజు అందరూ సాళ్ళు ముగించి గట్టెక్కారు, నేనింకా నడిమధ్యలో ఉన్నాను. ఘాటుకి కొంత, సిగ్గుకి కొంత కళ్ళు కారుతుంటే, నా సాలు అవతలి కొసనుంచి నాగూరమ్మక్క కోసుకుంటూ నాకెదురొచ్చింది.

“ఏడుస్తున్నావేంటే?”

“అందరూ నవ్వుతున్నారక్కా.”

“నవ్వనీ. సగం నువ్వు రా, సగం నేనొస్తా. సాలు తెగి అయిపోద్ది.”

ఆమె ముఠాలో పద్ధతి అది. ముందు అయిపోయినవాళ్ళు గట్టున కూర్చోకూడదు. వెనకబడ్డ మనిషికి ఎదురు వెళ్ళాలి. వెనకనుంచి వచ్చి తోస్తే తరుముతున్నట్టుంటుందని, ఎదురుగానే రమ్మనేది.

అదంతా పాతమాట. నేను నడక నేర్చుకున్నది ఆ తర్వాత చాలా ఏళ్ళకి. నాకు షుగరొచ్చింది. మాత్రలు మింగుతున్నాం కదా, ఇంకేం అనుకున్నాను. ఒకసారి పత్తి కట్టె కొట్టేసిన చేలోంచి ఇంటికొస్తే, మా ఆయన గచ్చు చూసి, “సామ్రాజ్యం, ఈ నెత్తురెవరిది?” అన్నాడు. చూస్తే నాదే. పత్తి మోడు చెప్పులోంచి దిగి చిటికెనవేలి మొదట్లో గుచ్చుకుంది. షుగరుకి పాదం మొద్దుబారి, అంత దిగినా నాకు తెలియనే లేదు. మా పక్క టౌను పేటలో డాక్టరుగారు చేయగలిగిందంతా చేశారు గానీ వేలు దక్కలేదు. పుండు మానాక ఆయన కూర్చోబెట్టి చెప్పారు. “రోజూ మెల్లగా నడవండమ్మా. రోజూ అరికాలు చూసుకోండి. ఏమరుపాటుగా ఉంటే ఈసారి పాదం మీదికి వస్తుంది.”

పాదం పోతే ఏమవుతుందో రాత్రంతా ఊహించుకున్నదాన్నే, తెల్లారి నడవమంటే మాత్రం సిగ్గుపడ్డాను. చేనికి నడిచాను, బావికి నడిచాను, బస్సు కోసం పరుగెత్తాను. ఊరికే నడవడం ఏమిటి? ఆడమనిషి ఉత్త చేతులూపుకుంటూ చెరువు కట్ట చుట్టూ తిరిగితే లోకం ఏమనుకుంటుంది? అందుకని ఒక గంప చంకన పెట్టుకుని బయలుదేరాను. టీకొట్టు చలమయ్య అడగనే అడిగాడు, “ఎక్కడికి వదినా?” అని. పేడకన్నాను. అన్నాక ఎత్తకపోతే బాగుండదని కనపడ్డ పేడల్లా ఎత్తాను. పుల్ల కనపడితే పుల్ల ఏరాను. కట్ట మొదట్లోనే గంప నిండింది. నెత్తిన పెట్టుకుని వెనక్కి వచ్చేశాను.

నాగూరమ్మక్క పెరట్లోంచి చూసింది. “డాక్టరు నిన్ను నడవమన్నాడా, పిడకలు కొట్టమన్నాడా?”

“ఉత్తచేతుల్తో ఎట్లా పోతానక్కా?”

“నీ కాళ్ళు నీ వెంట ఉంటాయి కదే. అవి చాలవా?”

మర్నాడు ఆమే వచ్చి గంప లాక్కుని అటకమీద పడేసింది. ఇద్దరం బయలుదేరాం. చలమయ్య గ్లాసు కడుగుతూ కేకేశాడు, “ఏం పోగొట్టుకున్నారు, ఇద్దరూ పొద్దున్నే తిరుగుతున్నారు?”

“దీని చిటికెనవేలు పోయిందిరా. వెతుకుతున్నాం. నీ కొట్టు కింద గానీ ఉందేమో చూడు!” అంది నాగూరమ్మక్క.

టీ తాగుతున్నవాళ్ళందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. వేలు పోయాక నేను నవ్వడం అదే మొదలు. చలమయ్య మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

ఆమె నడిస్తే కాయ కోస్తున్నట్టే నింపాదిగా ఉండేది. మా చెరువు సాగర్ కాలువ నీళ్ళతో నిండే మంచినీళ్ళ చెరువు. తూము దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరిగి, కట్ట కింద పంచాయతీ వాళ్ళు వేసిన చిన్న తోటలో ఆగేవాళ్ళం. నందివర్ధనాలు, గన్నేర్లు, రెండు సిమెంటు బల్లలు, అంతే ఆ తోట. బల్లమీద కూర్చోగానే నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని అరికాలు వెలుతురుకి తిప్పి చూసేది. పెద్దదానివి, నా కాళ్ళు పట్టుకోవద్దక్కా అంటే వినేది కాదు.

“ఏళ్ళ తరబడి రంగుపోయిన తాలుకాయ ఏరినదాన్ని. మంచికాయలో తెల్లమచ్చ కలిస్తే నాకు దొరక్కుండా పోలేదు. నీ అరికాలొక లెక్కా? కుదురుగా ఉండు.”

వానలు వెనకబట్టాక ఒకరోజు, “నీ పేరు సామ్రాజ్యం, నీ కోట నువ్వు చూసుకోవద్దా?” అని ఆటో మాట్లాడి కొండవీడు తీసుకెళ్ళింది. ఇన్నేళ్ళూ బస్సులోంచి కొండ చూడ్డమే గానీ పైకెక్కింది లేదు. పైన నీళ్ళు నిండిన చెరువులు, కూలిన గోడలు, గోడల సందుల్లోంచి సీతాఫలం చెట్లు. ఎవరు కట్టారో అక్కడ బోర్డుమీద రాసి ఉంది. మా ఇద్దరికీ అంత చదువు లేదు. “రాజు కూర్చున్న చోటు వాళ్ళు రాసుకుంటార్లే. రాళ్ళు మోసిన ఆడవాళ్ళు ఎక్కడ కూర్చుని ఉంటారో మనం చూద్దాం” అని, ఒక గోడ నీడన చల్లటి రాయి చూసుకుని, ఇదేనని తేల్చింది. అక్కడ కూర్చుని సీతాఫలం ఒలుచుకుని తానే తింది. నాకు షుగరని ఒక్క గింజ చీకనిచ్చింది. లేచేముందు నా చెప్పు విప్పించి చూస్తే అడుగున ముల్లు దిగి ఉంది. ఇంకో నాలుగడుగులు వేస్తే కాల్లోకి వచ్చేదే, నాకు తెలిసేదీ కాదు. ముల్లు పీకి, గోడ సందులో పడేసి, “పద” అంది. ఆటోలో ఇంటిదాకా ఆ సంగతి ఎత్తలేదు. నేను మాత్రం చెప్పు విప్పి చూసుకుంటూనే ఉన్నాను.

తర్వాత్తర్వాత ఆమెకు ఆయాసం మొదలైంది. గుండె బలహీనపడిందన్నారు. నడక మానదు, నన్ను తనతో ఆగనివ్వదు. “నీ పాదానికి నడక కావాలి, నా గుండెకి నిదానం కావాలి. నువ్వు పో” అనేది. నేను చుట్టు ముగించి తూము దగ్గరికి వచ్చేసరికి ఆమె అవతలి గట్టున చిన్నగా కనపడేది. మొదటిరోజు అక్కడే నిలబడి చూశాను. రెండోరోజు నిలబడబుద్ధి కాలేదు. వెనక్కి తిరిగి ఆమెకెదురు నడిచాను. దగ్గరయ్యాక ఆగి, నడుంమీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి తీసుకుంటూ నవ్వింది.

“నా సాలు తెగ్గొడుతున్నావే, దొంగముఖందానా!”

అప్పట్నుంచి రోజూ అంతే. ఎదురెళ్ళే చోటు ఒక్కో నెలకి దూరమవుతూ వచ్చింది. చివరికి ఆమె తోటలో బల్లదాకా వచ్చి కూర్చుంటే చాలనుకున్నాం. అక్కడా నా కాలు ఒళ్ళో పెట్టుకోవడం మానలేదు. పోయినేడు వానలకు ముందు, నిద్రలోనే వెళ్ళిపోయింది.

అరికాలు ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. చిన్న అద్దం గచ్చుమీద పెట్టి, దానిమీదుగా పాదం ఎత్తి, తాలు ఏరినట్టు వెతుకుతాను. పాదం నిలిచింది. డాక్టరుగారు చూసి బాగుందన్నారు. ఎవరు నడిపిస్తున్నారమ్మా అంటే, మా మేస్త్రీ అండీ అన్నాను.

కట్టమీద ఇప్పుడు ఆడవాళ్ళం బాగానే పోగవుతున్నాం. గంప ఎవరూ తేరు. ఇవాళ నా చుట్టు అయిపోయేసరికి చలమయ్య భార్య అవతలి గట్టున ఒక్కతే మిగిలింది. మోకాళ్ళ నొప్పి ఆమెకి. నేను గట్టున కూర్చోలేదు. మిరప ఘాటు ఎదురు కొడుతుంటే తుమ్ముకుంటూ ఎదురెళ్ళాను.

ఇంతే తల్లీ, ఇంతే నాయనా. మీ ఇంట్లోవాళ్ళ కాళ్ళు చల్లగా ఉండాలి. మీ గడప దిగిన వాళ్ళందరూ క్షేమంగా గడప ఎక్కాలి. మీలో ఎవరు వెనకబడ్డా, అవతలి కొసనుంచి ఒక మనిషి ఎదురు రావాలి.