కోడి మెచ్చిన పురుగు

వచ్చే వారం ట్రౌట్ చేపలు పట్టడానికి హిమాచల్ వెళ్తున్నాను. ఎండాకాలం మొదట్లో అక్కడి నదిలోంచి సన్నని రెక్కల పురుగులు గుంపులుగా లేస్తాయి. చేపలు వాటికోసమే పైకి వస్తాయి. అచ్చం అలాంటి పురుగును దారంతో, ఈకతో మనమే గాలానికి కట్టాలి. పోయిన ఏడాది నేను కట్టినవాటిని ఒక్క చేపా ముట్టలేదు. ఈసారీ అనుమానమే.

ఈ రోజు మా పక్కింటి ఖలీల్ భాయ్ పుంజు షేరూ రాల్చిన మెడ ఈకకు, పాత చీర జరీ పోగు చుట్టి ఒకటి కట్టాను. పిట్టగోడ మీదుగా ఆయనకు చూపించాను.

“గిదేం పురుగక్కా? శాదీకి తయారైనట్టుంది. చేపలేమో గానీ, మా షేరూ గూడ దీని దిక్కు సూడడు.”

మాట పూర్తికాకముందే షేరూ గోడ మీదికి ఎగిరి ముక్కు చాపింది. గాలం గుచ్చుకుంటుందని చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

“అరె, ఆగురా! గది నీ ఈకనే!” ఖలీల్ భాయ్‌కి నవ్వు ఆగలేదు.

పుంజు మాత్రం గోడ దిగకుండా నా గుప్పిటనే చూస్తూ నిలబడింది. నా చేతిపనిని ఎవరైనా ఇంత ఆశగా చూసి ఎన్నాళ్లయిందో!

చేపలకూ ఇదే అభిరుచి ఉంటుందా అన్న అనుమానం పోలేదు. అయినా సాయంత్రం నుంచి నవ్వుకుంటూనే ఉన్నాను. మీ పనిని ఇంత మనస్ఫూర్తిగా మెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?