ఏడోసారి పాడిన పద్యం

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నాటకాల్లో తబలా వాయించేవాణ్ణి, రంగు పూసుకున్న దయ్యాలతో కూర్చుని చాయ్ తాగినవాణ్ణి. డెబ్బైల చివర్లో వరంగల్‌లో జరిగిన ఈ ఒక్కటే నాకు మింగుడుపడలేదు.

మా నాటక సమాజంలో పద్యాలకు వరుసలు కట్టేది సమ్మయ్య. డోర్నకల్ రైల్వేలో గ్యాంగ్‌మన్. డ్యూటీ దిగి ప్యాసింజర్ ఎక్కి వచ్చేవాడు. హార్మోనియం ముందు కూర్చుంటే తిండి కూడా గుర్తుండేది కాదు. ఇరవయ్యారేళ్లకే కామెర్లు ముదిరి పోయాడు. దవాఖానలో నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు.

"అన్నా, నా వరుసలు పాడుకోండ్రి. మైకుల నా పేరొక్కటి చెప్పుండ్రి."

చెప్తానన్నాను.

ఆర్నెల్లకు కొత్త నాటకం కరపత్రం మీద "సంగీతం: వీరస్వామి" అని పడింది. ఆయన మా సమాజం పెద్ద, హీరో వేషాలన్నీ ఆయనవే. నాకు ఒళ్లు మండింది. అడిగితే నవ్వాడు. "సచ్చినోడొచ్చి అడుగుతడా?"

నోరు మూసుకున్నాను. ఆయన్ని కాదంటే నాకు వాయించే చోటు లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆట. హాలు నిండింది. మైకులో సమ్మయ్య పేరు రాలేదు. నేను తబలా మీద దెబ్బ వేయగానే, అలవాటు ప్రకారం, వీరస్వామి పద్యం ఎత్తుకున్నాడు. అది సమ్మయ్య వరుస. అయిపోగానే "వన్స్ మోర్!" అని కేక. జనం అడిగితే మళ్లీ పాడాల్సిందే. మీసం తిప్పి పాడాడు. మళ్లీ కేక. వెనకనుంచి, ఒకటే గొంతు.

నాలుగోసారికి చెమటతో ఆయన ముఖం మీది రంగు కారింది. నేను జనం వైపు చూశాను. ఎవరి నోరూ కదలడం లేదు. ఏడోసారి పైస్థాయిలో ఆయన గొంతు తెగిపోయింది. తెర దించారు. అయినా కేక ఆగలేదు. నేను మైకు లాక్కుని, ఈ వరుసలన్నీ సమ్మయ్యవని చెప్పాను. అప్పుడు ఆగింది.

సమ్మయ్య తర్వాత వచ్చిన హార్మోనిస్టు నన్ను పక్కకు పిలిచాడు. "జనం ఒక్కపారే గదనే అడిగిండ్రు. గాయిన గట్లెందుకు పాడుకుంట పోయిండు?"

ఎవరో టేపులో పట్టారు. తర్వాత విన్నాను. అందులోనూ కేక ఒక్కటే ఉంది.

గొంతులో ఏ లోపమూ లేదన్నారు డాక్టర్లు. వీరస్వామికి మాత్రం మళ్లీ మాట రాలేదు. నేను చూడ్డానికి వెళ్తే పలక మీద రాసి చూపించాడు: "నీకూ ఇనబడ్డదా?" తలూపాను. ఏడ్చాడు. జాలిపడ్డానని అబద్ధం చెప్పను.

మా ఇద్దరికే ఎందుకు వినబడిందో ఇప్పటికీ నాకు అంతుబట్టదు. నేను దెబ్బ వేయందే ఆయన పద్యం ఎత్తుకోడు. ఆపితే ఆగిపోయేవాడు.

ఏడుసార్లూ వేశాను.