గేటు మీద లాజరస్ రాసిన మాట

క్రీస్తురాజు పనిచేసే ఫ్లెక్స్ షాపులో కన్ను మూయడమంటే చావు కాదు. కంప్యూటర్లో ఒక బొమ్మ మీద అక్షరాలు పేర్చేటప్పుడు ఒక్కో మాటా ఒక్కో పొరలో ఉంటుంది. ప్రతి పొర పక్కనా చిన్న కన్ను గుర్తు. దాన్ని నొక్కితే కన్ను పోతుంది, దాంతోపాటు ఆ మాటా పోతుంది. నిజానికి పోదు, అక్కడే ఉంటుంది, కనిపించదంతే. “పెళ్లికొడుకు మేనమామ కన్ను మూయన్నా, వాళ్లకూ వీళ్లకూ మాటల్లేవంట” అని గిరాకీలు వచ్చి చెబుతారు. క్రీస్తురాజు నొక్కుతాడు. మేనమామ ఫ్లెక్స్‌లోంచి మాయమైపోతాడు. మళ్లీ రాజీ కుదిరితే కన్ను తెరుస్తాడు.

ఆ షాపు కావలి ట్రంకు రోడ్డులో ఉంది. నేను పనిచేసే జిరాక్సు కొట్టు దాని పక్కనే. రెండింటికీ మధ్య ఉన్నది సగం గోడే. అందుకని ఆయన బతుకు సగం నాకు తెలుసు. మిగతా సగం ఆయన చెప్పడు, నేను అడగను.

ఆయనకిప్పుడు నలభై ఆరు. తండ్రి లాజరస్ బోర్డులు రాసేవాడు. పడవల మీద పేర్లు, కటింగ్ షాపుల తలుపులు, లారీల వెనక మాటలు, ఏది చెబితే అది. ముగ్గుపిండి పూసిన దారం గోడకు ఆనించి టప్పున వదిలి గీత కొట్టేవాడట. ఆ గీత మీద అక్షరం నిలబెట్టేవాడట. ‘ర’ మీద తలకట్టును పడవ ముక్కులా పైకి లేపడం ఆయన పద్ధతి. సున్న గుండ్రంగా ఉండేది కాదు. కాస్త పక్కకు ఒరిగి చింతగింజలా ఉండేది. మా ఊరివాళ్లు చదవడం నేర్చుకున్నది బళ్లో కాదు, ఆయన బోర్డుల కింద నిలబడి అంటే పెద్ద అబద్ధమేమీ కాదు.

తర్వాత ఫ్లెక్సులు వచ్చాయి. క్రీస్తురాజు కుంచె పక్కన పెట్టి ఫోటోషాప్ నేర్చుకున్నాడు. లాజరస్ ఒక్కసారే షాపుకు వచ్చాడు. కొడుకు ఒక మాట కొట్టి, ఒక్క నొక్కుతో దాన్ని బంగారం చేయడం వెనక నిలబడి చూశాడు.

“తప్పు పడితే తుడవాల్నా?” అని అడిగాడు.

“తుడిచే పన్లేదు నాయనా. ఈ రెండు మీటలు కొడితే ముందెట్టుండాదో అట్టే అయిపోద్ది.”

“ఎంత తప్పైనా?”

“ఎంతైనా.”

“మంచి పనే” అని ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఇంకెప్పుడూ రాలేదు.

ఆయన పోయి ఆరేళ్లయింది. ఈలోగా ఆయన రాసిన బోర్డులన్నీ ఒకటొకటిగా ఫ్లెక్సుల కింద పడిపోయాయి. వాటిలో సగం ఫ్లెక్సులు క్రీస్తురాజు వేసినవే. మా ఊళ్లో మెరుపంటే అంత మోజు. సైకిల్ షాపు, లాడ్జి, టైలరు కొట్టు, అన్నీ బంగారు అక్షరాలైపోయాయి. ఎండకు రెండేళ్లలో తెల్లబడతాయి, మళ్లీ కొత్తవి వేయిస్తారు. చివరికి లాజరస్ చేతిరాత ఒక్కచోటే మిగిలింది. సముద్రం దగ్గరి వాళ్ల పాళెంలో చర్చి గేటు మీది కమాను మీద, నీలం రంగులో, రెండే మాటలు: లోనికి రండి. ఉప్పుగాలికి రంగు రాలిపోతుంటే ఏటా క్రిస్మస్ ముందు ఆయనే మళ్లీ దిద్దేవాడు. ఆరేళ్లుగా దిద్దినవాళ్లు లేరు.

ఈ ఏడు ఆ చర్చికి యాభై ఏళ్లు నిండాయి. నాగపూర్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరై వచ్చిన కిషోర్ బాబు గారు గేటుకు కొత్త బోర్డు తన ఖర్చుతో పెట్టిస్తానన్నారు. ఆ మాట చెప్పడానికి సంఘం కార్యదర్శి ఫ్రెడ్డీ షాపుకొచ్చాడు. రొయ్యల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు అతను.

క్రీస్తురాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నేనెప్పుడూ ఆయన అలా లేవడం చూడలేదు.

“ఫ్రెడ్డీ, ఒక్కటే అడగతా. అక్షరాలు మాత్రం మా నాయనవే ఉండనీ. కాపీ తీసి పెడతా. అవి గూడా పోతే ఇంకేం లేవు.”

“పెట్టన్నా, ఎవరొద్దన్నారు? కాకపోతే మెరవాల. గూడూరు కాడ ఆ చర్చికి పెట్టినారే, అట్ట.”

ఆదివారం క్రీస్తురాజు నిచ్చెన వేసుకుని గేటు మీది మాటలకు ఎదురుగా నిలబడి ఫోటోలు తీసుకొచ్చాడు. తర్వాత పదకొండు రోజులు మధ్యాహ్నం అన్నం టిఫిన్లోనే ఉంచి ఆ అక్షరాల అంచు వెంట చుక్క చుక్క పెడుతూ గీత గీశాడు. రంగు రాలిపోయిన చోట తండ్రి చెయ్యి ఎటు తిరిగి ఉంటుందో గాల్లో వేలితో రాసి చూసుకునేవాడు. ఒకరోజు సగం గోడ మీదుగా నన్ను పిలిచాడు.

“ఇది చూడు. ‘నికి’లో రెండు గుడులుండాయి గదా. రెండోది పొట్టి. నాయనకు చోటు చాల్లేదు. ముప్పై ఏళ్లు దాని కిందనే పోతా వస్తా ఉంటి, కనపడలా.”

“సరిచేస్తావా?” అన్నాను.

“ఎందుకు చేస్తా?” అన్నాడు, నేనేదో దొంగతనం చేయమన్నట్టు.

తర్వాత దానికి బంగారం పూశాడు, అంచులు ఉబ్బించాడు, నీడ పెట్టాడు. సబ్బు పెట్టె మీది పేరులా తయారైంది. కానీ ఆ మెరుపు కిందనుంచి కూడా పడవ ముక్కు లేచే ఉంది. చింతగింజ సున్న పక్కకు ఒరిగే ఉంది. ఫ్రెడ్డీ చూసి బ్రహ్మాండమన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే అయిపోయేది. బోర్డు కింది భాగంలో జానెడు చోటు ఖాళీగా మిగిలింది. ఫ్లెక్స్ పని చేసేవాడికి ఖాళీ అంటే భయం. డబ్బులిచ్చి ఖాళీ ఎవరు కొంటారు? ఎప్పుడూ చేసే పనే చేశాడు క్రీస్తురాజు. పై మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో ఎర్రగా, ఏటవాలుగా మళ్లీ కొట్టాడు. తెలుగు చదవడం రాని కాన్వెంటు పిల్లల కోసం ఇప్పుడు పెళ్లి కార్డుల మీదా, చావు ఫ్లెక్సుల మీదా అలాగే వేస్తున్నారు. ఆయన చెయ్యి దానికది పోయింది. ఫ్రెడ్డీకి వాట్సాప్ చేశాడు. ఫ్రెడ్డీ సంఘం గ్రూపులో పెట్టాడు.

మర్నాడు పదకొండు గంటలకు కిషోర్ బాబు గారు కారు దిగారు. వెంట ఫ్రెడ్డీ, పాస్టరు గారు.

“రండి సార్” అని క్రీస్తురాజు కుర్చీ జరిపాడు.

“ఆ మాటే అనొద్దు” అన్నారు కిషోర్ బాబు గారు. కూర్చోలేదు. “మా కోడలు నాగపూర్ పిల్లని తెలుసు గదా నీకు? రాత్రి ఫోన్లో నీ బోర్డు చూసి నన్నడిగింది, మీ చర్చి గేటు మీద ఇట్టాంటి మాట రాసుకుంటారా మామయ్యా అని. నా తల ఎక్కడ పెట్టుకోవాల?”

క్రీస్తురాజుకు అర్థం కాలేదు. “ఏం మాట సార్?”

“హిందీలో అది ఆడదాన్ని తిట్టే బూతయ్యా! నా నోటితో నేను చెప్పను.”

ఫ్రెడ్డీ నవ్వాపుకోలేక బయటికి చూశాడు. నేను ఆపుకోలేదు. సగం గోడకు ఇవతల ఉన్నాను గనక ఎవరికీ వినబడలేదనుకున్నాను. క్రీస్తురాజు ఒక్కసారి ఇటు చూశాడు. నేనింత చదువుకున్నదీ ఆ నవ్వు నవ్వడానికే.

ఆయన గబగబా కూర్చుని మౌస్ పట్టుకున్నాడు. “ఇంగ్లీషుదే గదా సార్ తంటా. ఇదో, కన్ను మూసినా. లేదు, చూడండి. కింద ఏం లేదు. ఉత్త తెలుగే.”

“చదివినోళ్ల కళ్లు మూస్తావా?”

“తెలుగులో అది మంచి మాట సార్. మా నాయన...”

“మీ నాయన మంచోడే. ఆయన కాలంలో ఈడ హిందీ వాళ్లుండారా? ఇప్పుడు ఫ్యాక్టరీలో ఎవరుండారో ఫ్రెడ్డీని అడుగు.”

ఫ్రెడ్డీ గొంతు సవరించుకున్నాడు. “నిజమేనన్నా. మా బీహారు పిల్లోళ్లకు ఎవుడో ఫోటో చూపించినాడు. పొద్దున గేటు కాడ నిలబడి సెల్ఫీలు దిగతా ఉండారు. మన పిల్లోళ్లు గూడా మొదలుపెట్టినారు. రేపు ప్రార్థనకొచ్చే ఆడోళ్లు దాని కిందనుంచి పోవాల్నా?”

ఎర్ర అక్షరాలు లేకపోతే ఆ కోడలికి అది ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ బీహారు కుర్రాళ్లు నాలుగేళ్లుగా ఆ గేటు ముందునుంచే డ్యూటీకి నడుస్తున్నారు, తెలుగు రాదు కనుక ఏమీ చదవలేదు. తండ్రి మాటను వాళ్లకు చదివి వినిపించింది క్రీస్తురాజే. ఆ సంగతి ఆయనకు అప్పుడే తట్టిందనుకుంటాను. మౌస్ మీదనుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

పాస్టరు గారు మెత్తటి మనిషి. “పోనీ క్రీస్తురాజూ, మాట మారుద్దాం. అక్షరాలు మీ నాయనవే పెట్టు. స్వాగతం అని.”

“ఎట్ట పెట్టేది అయ్యగారూ?” అన్నాడాయన. “నా కాడ ఉండేది ఆయన రాసిన అయిదు అక్షరాలు, ఒక సున్న. ల, న, క, ర, డ. దాంట్లో స లేదు, గ లేదు, త లేదు. నేనేడనుంచి తెచ్చేది?”

“నువ్వు ఆయన కొడుకువే గదా, రాయి.”

“‘రండి’ తీసేసి ఉత్త ‘లోనికి’ అని ఉంచుదామా సార్?” అని క్రీస్తురాజు కిషోర్ బాబు గారిని బతిమాలుతున్నట్టు అడిగాడు.

“లోనికేంది? జైల్లోకా?”

ఈసారి అందరూ నవ్వారు. రెండు రోజుల్లో స్వాగతం రాసి చూపిస్తే చూస్తామన్నారు. వెళ్తూ వెళ్తూ కిషోర్ బాబు గారు కారు తలుపు పట్టుకుని, “రండి అయ్యగారూ, ఎండగా ఉండాది, ఎక్కండి” అన్నారు. తను అన్న మాట ఆయనకే వినబడలేదు. నేను అరిచి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నా కోపాలన్నీ ఇట్లా కాగితం మీదికే వస్తాయి.

ఆ రెండు రోజులు క్రీస్తురాజు తండ్రి కుంచెలు తెచ్చుకుని, పాత ఫ్లెక్స్ వెనక తెల్లవైపు ‘స్వాగతం’ రాశాడు. నేను లెక్కపెట్టినంతవరకు నలభై సార్లు. పదిహేనేళ్లుగా మౌస్ పట్టిన చెయ్యి. గీత మధ్యలో వణికేది. వణకనప్పుడు ఇంకా దారుణంగా ఉండేది. కంప్యూటర్లో ఉన్న అక్షరమే కుంచెలోంచి దిగేది, అచ్చు గుద్దినట్టు.

“నాయన ‘స’ ఎట్ట రాసేవాడో గుర్తుందా నీకు?” అని నన్నడిగాడు. నాకేం గుర్తుంటుంది? ‘సైకిల్ షాపు’ బోర్డు మీద ఉండేదన్నాను. దాని మీద ఫ్లెక్స్ వేసింది ఆయనే. పాత రేకు ఏమైందని కనుక్కోవడానికి వెళ్లాడు. కోళ్లగూడుకు కప్పుగా వేసి, తుప్పు పడితే పారేశారట.

మూడోరోజు కిషోర్ బాబు గారి నుంచి ఫ్రెడ్డీ ఫోన్‌కు ఒక బొమ్మ వచ్చింది. నెట్‌లోంచి దించిన రెడీమేడ్ బంగారు అక్షరాలు, చుట్టూ మెరుపు చుక్కలు, వెల్‌కమ్ అని. “ఇది అన్ని భాషల వాళ్లకూ తెలిసిన మాట” అని కింద రాశారు. షాపు ఓనరు సుశీల్ కుమార్, “ఎన్నిరోజులు దీంతోనే కూర్చుంటావన్నా? కొట్టేసేయ్” అన్నాడు. క్రీస్తురాజు ఒక్క మాట ఎదురు చెప్పకుండా కొట్టేశాడు. అయిదు నిమిషాలు పట్టింది.

ఒక్కటి మాత్రం అడిగాడు. బోర్డు ముందుకు వస్తుంది గనక వెనక తండ్రి రాతను అలాగే ఉండనివ్వమన్నాడు. కనిపించకపోయినా ఉంటుంది గదా అన్నాడు.

“గాలికి బోర్డు లేస్తే కనపడతాదన్నా. మళ్లా అదే రచ్చ” అన్నాడు ఫ్రెడ్డీ. నిజంగానే బాధపడుతూ అన్నాడు.

శనివారం సున్నాలు కొట్టే ఓబయ్య వచ్చి కమానుకు మూడు పూతలు వేశాడు. మొదటి పూతకు నీలం పోలేదు. రెండో పూతకు చింతగింజ సున్న ఒక్కటే మిగిలింది. క్రీస్తురాజు గేటుకెదురుగా రోడ్డు అవతల నిలబడి ఉన్నాడు. ఆయన కుడిచేతి వేళ్లు రెండు తొడ మీద ఏదో నొక్కుతున్నాయి, మళ్లీ మళ్లీ. ఏ మీటలో నాకు తెలుసు.

ఆదివారం ఆరాధనకు అందరూ కొత్త బోర్డు కింద ఫోటోలు దిగారు. కిషోర్ బాబు గారి కోడలు కూడా దిగింది. మంచి పిల్లే, అందరికీ వందనాలు చెప్పింది. క్రీస్తురాజు తల్లి రెబెక్కమ్మ గేటు దగ్గరికొచ్చి కొడుకు చెయ్యి పట్టుకుని తల పైకెత్తింది. ఆమెకు చదువు రాదు. మొగుడు రాసినవి మాత్రం వంపుల్ని బట్టి గుర్తుపట్టేది.

“ఇది మీ నాయన రాత గాదు.”

“కాదమ్మా. కొత్తది. నేను వేసినా.”

“ఏమని?”

“వెల్‌కమ్ అని.”

“అంటే ఏందిరా?”

క్రీస్తురాజు బోర్డు వంక చూశాడు. వెనకనుంచి జనం తోసుకుంటున్నారు.

“లోనికి రండి అని అమ్మా.”

రెబెక్కమ్మ కొడుకు మొహంలోకి చూసింది, ఏదో తనకే సరిగా వినబడలేదన్నట్టు.

“మీ నాయన రాసిందీ అదే గదరా?”