బ్రహ్మచారి బిగించిన బ్యాటరీ

మౌలాలి చుట్టుపక్కల కొత్త కట్టడాల దగ్గరికి, పైపులైను పనుల దగ్గరికి వెల్డరు బ్రహ్మచారి ఒక్కడే ఎప్పుడూ పోలేదు. ఆయన వెనకాలే రెండు చక్రాల బండి మీద ఓ పాత డీజిల్ మిషను వచ్చేది. ముందు ఇంజను, దాని వెనక వెల్డింగుకు కరెంటు పుట్టించే జనరేటరు. ఇంకా కరెంటు తీగ లాగని చోట దానికే గిరాకీ.

మిషను కాంట్రాక్టర్ సత్యదేవ్‌ది. కానీ ఏళ్ల తరబడి దాన్ని లేపింది మాత్రం బ్రహ్మచారి చెయ్యి. హ్యాండిల్ తగిలించి, ఊపిరి బిగబట్టి గిరగిరా తిప్పి, ఇంజను అందుకోగానే లాగేసుకోవాలి. రెప్పపాటు ఆలస్యమైతే హ్యాండిల్ ఎదురు తిరిగి కొడుతుంది. సత్యదేవ్ ఒకసారి వేరే మనిషిని పెట్టి చూశాడు. ఆ మనిషి ముందుపళ్లు పోగొట్టుకుని మళ్లీ అటు రాలేదు. అందుకే మిషను ఎక్కడికి పోతే బ్రహ్మచారి అక్కడికి పోవాల్సిందే.

కిందటి వానాకాలంలో ఆ హ్యాండిల్ ఆయన్నే కొట్టింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేసరికి ఎముక కాస్త వంకరగా అతుక్కుంది. వెల్డింగ్ రాడ్డు పట్టుకోవడానికి ఆ చెయ్యి పనికొస్తుంది గానీ హ్యాండిల్ తిప్పడానికి కాదు.

సత్యదేవ్ ఇంటికొచ్చి గడపలోనే నిలబడ్డాడు. "చారీ, పార్టీలు ఫోన్ల మీద ఫోన్లు జేస్తున్నరు. మిషన్ లేవకపోతే నేనేం జెప్పాలె?"

"దానికి సెల్ఫ్ ఉన్నది సార్," అన్నాడు బ్రహ్మచారి. "బ్యాటరీ పెడితే బటన్‌తోనే లేస్తది."

సత్యదేవ్ నోరు తెరిచాడు. "ఇన్నేండ్ల సంది ఎందుకు చెప్పలే మరి?"

బ్రహ్మచారి తల దించుకున్నాడు. ఎందుకు చెప్పలేదో ఆయనకు తెలుసు, వంటింట్లో నిలబడ్డ భార్య సుమిత్రకూ తెలుసు. సత్యదేవ్ వెళ్లిపోగానే ఆమె బయటికొచ్చింది.

"బటన్ నొక్కుడు ఎవలికైనా వస్తదయ్యా."

"నొక్కుడు వస్తది. వెల్డింగ్ అతుకు వస్తదా?" అన్నాడాయన. ఆ మాట మీద అప్పుడు ఆయనకు గట్టి నమ్మకం.

పని షురూ చేశాడు. ఇంజను పక్కన మట్టి, నూనె పేరుకుపోయిన సెల్ఫ్ మోటారును విప్పి రాణిగంజ్ తీసుకుపోయి కొత్త తీగ చుట్టించాడు. పొగ గొట్టం వేడి తగలకుండా, నిప్పురవ్వలు పడకుండా బండికి అవతలి వైపు ఇనుప యాంగ్లర్ ముక్కలతో బ్యాటరీకి గూడు కట్టాడు. అదురుకు బ్యాటరీ పగలకుండా కింద పాత టైరు ముక్క పరిచాడు. బ్యాటరీ ఎర్త్ వైరును మాత్రం తుప్పు పట్టిన బండికి బిగించలేదు. తుప్పు మీద కరెంటు సరిగా పారదు. ఇంజను ఇనుమును తెల్లగా మెరిసేదాకా గీకి, నేరుగా దానికే నట్టు వేశాడు. వంకర చెయ్యి నొప్పి పుట్టినప్పుడల్లా పానా ఎడమ చేతికి మార్చుకున్నాడు. ఇంజను అదురుకు ఆ ఎర్త్ నట్టు వదులవుతుంటుందని, అప్పుడప్పుడు బిగించాలని ఆయనకు తెలుసు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. బిగించేది తనే అనుకున్నాడు.

సత్యదేవ్ వచ్చి వేలితో బటన్ నొక్కాడు. ఇంజను దడదడలాడుతూ లేచింది. ఆపి మళ్లీ నొక్కాడు. చిన్నపిల్లాడిలా నవ్వాడు. "వహ్వా చారీ!" అని భుజం తట్టాడు.

ఆ వారమే ఫోనొచ్చింది. "రేపటి సంది మా మేనల్లుడు తిరుమల్ చూసుకుంటడు. కొంచెం అతుకు పని సుత నేర్చుకున్నడు. నీ చెయ్యి బాలేదు గదా, జెర ఆరాం తీసుకో."

"అతుకు నేను చేస్త సార్, చెయ్యికేం కాలే," అన్నాడు బ్రహ్మచారి. అవతల ఫోను అప్పటికే పెట్టేశారు.

ఏ.ఎస్. రావు నగర్‌లో హెన్రీ అనే ఆయన గేట్ల షాపులో పని దొరికింది. వెల్డింగు కాదు. వాళ్లూ వీళ్లూ అతికిన అతుకుల మీద గరుకు పోయేలా గ్రైండరు పట్టడం. అడ్డదిడ్డంగా వేసిన అతుకుల్ని నున్నగా చేస్తూ, లోపల్లోపల తిట్టుకుంటూ పొద్దు గడిపేవాడు.

ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు తిరుమల్ ఫోన్ చేశాడు. "బాబాయ్, సెల్ఫ్ తీసుకుంటలేదు. నొక్కితే టిక్కు టిక్కు అంటున్నది. ఏమై ఉంటది?"

ఎర్త్ నట్టు. పానాతో ఒక్క తిప్పు తిప్పితే చాలు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. భుజం తట్టిన చెయ్యి గుర్తొచ్చింది, సగంలో తెగిపోయిన ఫోను గుర్తొచ్చింది.

"నాకేం తెలుస్తది? మీ మామనే అడుగు," అన్నాడు.

కొన్నాళ్లకు తిరుమలే షాపుకొచ్చాడు, కొత్త మిషను బండికి కొక్కెం చేయించుకోవడానికి.

"పాతదేమైంది?" అడిగాడు బ్రహ్మచారి, గ్రైండరు ఆపి.

"మెకానిక్ చూసి సెల్ఫ్ కాలిపోయిందన్నడు బాబాయ్. దాని సామాన్లు ఇప్పుడు దొరకయంట. హ్యాండిల్ ముట్టుకునుడు మాతోని కాదాయె. మామ తుక్కోళ్లకు ఇచ్చేసిండు. ఆన్నే గ్యాస్ కట్టర్‌తోని ముక్కలు జేసి ఏసుకపోయిండ్రు."

"ఎర్త్ నట్టు చూసిండ్రా?"

"అదేడుంటది?" అన్నాడు తిరుమల్ అమాయకంగా.

బ్రహ్మచారి గ్రైండరు మళ్లీ అందుకున్నాడు. ఈసారి అది అదుపు తప్పింది. ఎగిరి గేటు మీద పెద్ద గీత పెట్టింది. హెన్రీ ఏందేందని అరుస్తూ వచ్చాడు.

రాత్రి సుమిత్రకు అంతా చెప్పాడు. ఫోన్‌లో తను అన్న మాట కూడా దాచలేదు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"నిన్ను తరిమింది సత్యదేవ్. నువ్వు చంపింది మిషన్ను," అంది. "ఇప్పుడు కడుపు చల్లబడ్డదా?"

"లేదు," అన్నాడు బ్రహ్మచారి.